ఇంగ్లీషు వాక్యంలో అడ్వర్బ్ ఎక్కడ పెట్టాలి? ఒడిశా సరిహద్దు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు చాలా తెలుగు ఇళ్లలో ఒకటే పరిస్థితి. ఇంట్లో తెలుగు, బడిలోనూ బజారులోనూ ఒడియా, ఉద్యోగ పరీక్షలో ఇంగ్లీషు. బ్యాంకు పరీక్షలకు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) పరీక్షలకు చదివేవాళ్లు, పిల్లల హోంవర్కు దగ్గర కూర్చునే తల్లిదండ్రులు అడ్వర్బ్ గురించి అడిగే ప్రశ్నలివి. ఉదాహరణలన్నీ తెలుగు లిపిలోనే ఉన్నాయి. వాటిని పైకి చదవండి. ఏ మాట ఎక్కడ నొక్కి పలుకుతున్నారో గమనిస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

అడ్వర్బ్ అంటే చివర ‘లీ’ వచ్చే మాటే కదా?

కాదు. అడ్వర్బ్ (క్రియావిశేషణం) అంటే ఎలా, ఎక్కడ, ఎప్పుడు, ఎన్నిసార్లు, ఎంత లాంటివి చెప్పే మాట. సూన్, నౌ, హియర్, వెల్, ఆల్వేస్, ఆల్సో, టూ అన్నీ అడ్వర్బులే, వేటికీ చివర ‘లీ’ లేదు. ‘లీ’ ఉన్నవన్నీ అడ్వర్బులూ కావు. ఫ్రెండ్లీ, లవ్లీ, ఎల్డర్లీ అడ్జెక్టివ్‌లు, అంటే నౌన్‌ను వర్ణించే మాటలు. అందుకే ‘హీ స్పోక్ ఫ్రెండ్లీ’ అనరు, ‘హీ స్పోక్ ఇన్ ఎ ఫ్రెండ్లీ వే’ అంటారు.

హార్డ్, హార్డ్లీ జంటతో మాత్రం కాస్త జాగ్రత్త. ‘షీ వర్క్స్ హార్డ్’ అంటే కష్టపడి పనిచేస్తుందని. ‘షీ హార్డ్లీ వర్క్స్’ అంటే పని చేయనే చేయదన్నంత మాట. మొదటిది వెర్బ్ తర్వాత వచ్చింది, రెండోది ముందు వచ్చింది. బయోడేటాలో ‘ఐ హార్డ్లీ వర్క్’ అని రాసుకుంటే మనమీద మనమే చాడీ చెప్పుకున్నట్టు.

గ్రామర్ బాగానే వచ్చు. అయినా అడ్వర్బ్ దగ్గరే ఎందుకు తడబడతాం?

మన చుట్టూ ఉన్న భాషలన్నీ వెర్బును చివర పెట్టుకునేవే. తెలుగు అంతే, ఒడియా అంతే, ఇటు కొండల్లో వినిపించే సవరభాషా అంతే. ‘మా నాన్న రోజూ పొద్దున్నే బస్సులో పర్లాకిమిడి వెళ్తారు’ అన్న వాక్యం తీసుకోండి. ‘రోజూ పొద్దున్నే మా నాన్న పర్లాకిమిడికి బస్సులో వెళ్తారు’ అన్నా అర్థం చెడదు. ‘లో’, ‘కి’, ‘తో’ లాంటివి ఏ మాటకు ఏ పనో చెబుతూనే ఉంటాయి కాబట్టి మాటలు అటూ ఇటూ జరిగినా నష్టం లేదు. చివర వెర్బు వచ్చి వాక్యాన్ని ముగిస్తుంది.

ఇంగ్లీషులో వెర్బు సబ్జెక్ట్ తర్వాతే వచ్చేస్తుంది, ఆబ్జెక్ట్ దాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. మిగతావన్నీ ఆ రెండిటికీ అడ్డు రాకుండా సర్దుకోవాలి. పైగా ఆ భాషలో ఏ మాటకు ఏ పని అన్నది చాలావరకు చోటును బట్టే తెలుస్తుంది. మూడు భాషలు గడగడా మాట్లాడే మన పిల్లవాడికి ఈ ఒక్క విషయంలో ఆ మూడిట్లో ఏదీ సాయం రాదు. తెలివి తక్కువై కాదు, అలవాటు వేరు కావడం వల్ల.

అడ్వర్బుకు ఎన్ని చోట్లు ఉన్నాయి?

మూడు: వాక్యం మొదట్లో, మధ్యలో వెర్బు దగ్గర, చివర్లో. ఒక్కో రకం అడ్వర్బుకు ఒక్కో చోటు ఇష్టం. వరుసపెట్టి బట్టీపట్టే ముందు ఈ అడ్వర్బు దేన్ని తాకుతోందో అడగండి. వెర్బునా, వాక్యం మొత్తాన్నా, లేక ఒక్క మాటనేనా? కింద చెప్పే రూల్స్‌లో చాలావాటికి మూలం ఈ ప్రశ్నే.

ఆల్వేస్, యూజువల్లీ, ఆఫెన్, నెవర్ ఎక్కడ పెట్టాలి?

ఎన్నిసార్లు జరుగుతుందో చెప్పే ఈ మాటలు మధ్యలో ఉంటాయి. మామూలు వెర్బుకు ముందు: ‘ద ట్రెయిన్ యూజువల్లీ స్టాప్స్ హియర్’. ఈజ్, ఆర్, వాజ్ లాంటి బి వెర్బులకు తర్వాత: ‘ద ట్రెయిన్ ఈజ్ యూజువల్లీ క్రౌడెడ్’. హాజ్, విల్, షుడ్ లాంటి హెల్పింగ్ వెర్బు ఉంటే దాని తర్వాత: ‘దిస్ రోడ్ హాజ్ ఆల్వేస్ బీన్ బ్యాడ్’. హెల్పింగ్ వెర్బులు రెండు ఉంటే మొదటిదాని తర్వాత: ‘వీ షుడ్ నెవర్ హావ్ సోల్డ్ దట్ ల్యాండ్’.

ప్రశ్న వేసినా చోటు పెద్దగా మారదు, సబ్జెక్ట్ తర్వాతే వస్తుంది: ‘డూ యూ ఆల్వేస్ టేక్ దిస్ బస్?’ హావ్ టు విషయంలో చాలామంది పొరబడతారు. అక్కడ హావ్ హెల్పింగ్ వెర్బు కాదు, మామూలు వెర్బు లాగే నడుస్తుంది. కాబట్టి ‘ఐ ఆల్వేస్ హావ్ టు వెయిట్’ అనాలి.

పొట్టి జవాబుల్లో రూలు తిరగబడుతుంది. ‘ఆర్ యూ ఎట్ హోమ్ ఆన్ సండేస్?’ అని అడిగితే ‘యెస్, ఐ యూజువల్లీ యామ్’ అంటారు. బి వెర్బుకు తర్వాత రావాల్సింది ముందుకొచ్చింది చూడండి. చివరి మాటను నొక్కి పలకాలి కాబట్టి అక్కడ యామ్ ఒంటరిగా నిలబడాలి. ‘ఐ యామ్ యూజువల్లీ’ అని ఆపేస్తే వాక్యం సగంలో తెగినట్టు ఉంటుంది.

సమ్‌టైమ్స్, యూజువల్లీ లాంటివి వాక్యం మొదట్లోనూ ఇముడుతాయి. ఆల్వేస్‌కు ఆ వీలు లేదు. ‘ఆల్వేస్ హీ కమ్స్ లేట్’ మన నోట తరచూ వచ్చే వాక్యం. ‘ఎప్పుడూ వాడు లేటే’ అన్న మన వరుస అందులోకి వచ్చేసింది. ‘హీ ఆల్వేస్ కమ్స్ లేట్’ అనాలి. ఆజ్ఞలో మాత్రం మొదట పెట్టొచ్చు: ‘ఆల్వేస్ లాక్ ద గేట్’.

మరి డైలీ?

చివర్లో. ‘ఐ డైలీ గో టు ట్యూషన్’ కాదు, ‘ఐ గో టు ట్యూషన్ డైలీ’. ఎవ్రీ డే, ట్వైస్ ఎ వీక్, వన్స్ ఎ మంత్ కూడా అంతే, కావాలంటే మొదట పెట్టొచ్చు. మధ్యలో ఇమడవు.

‘ఐ లైక్ వెరీ మచ్ ఛెనాపొడా’ (ఛెనాపొడా ఒడిశా మిఠాయి) అంటే తప్పేంటి? వెర్బును వర్ణించే మాట వెర్బు పక్కనే ఉండాలి కదా?

తర్కం బాగానే ఉంది కానీ ఇంగ్లీషు ఒప్పుకోదు. వెర్బుకూ దాని ఆబ్జెక్ట్‌కూ మధ్య ఎవరూ దూరకూడదన్నది ఆ భాషలో గట్టి రూలు. ‘ఐ లైక్ ఛెనాపొడా వెరీ మచ్’ అనాలి. ‘షీ స్పీక్స్ ఫ్లూయెంట్లీ ఒడియా’ కాదు, ‘షీ స్పీక్స్ ఒడియా ఫ్లూయెంట్లీ’. ‘హీ రెడ్ కేర్‌ఫుల్లీ ద నోటీస్’ కాదు, ‘హీ రెడ్ ద నోటీస్ కేర్‌ఫుల్లీ’ లేదా ‘హీ కేర్‌ఫుల్లీ రెడ్ ద నోటీస్’.

సడలింపు రెండుచోట్ల ఉంది. వెర్బు తర్వాత ఎట్, టు, ఫర్ లాంటి మాట వస్తే మధ్యలో చోటుంటుంది: ‘షీ లుక్డ్ కేర్‌ఫుల్లీ ఎట్ ద సర్టిఫికెట్’. ఆబ్జెక్ట్ మరీ పొడుగైతే అడ్వర్బు దానికి ముందే వచ్చేస్తుంది: ‘ద క్లర్క్ ఎక్స్‌ప్లెయిన్డ్ క్లియర్లీ వై ద ఫారమ్ హాడ్ బీన్ రిజెక్టెడ్’. ఇక్కడ క్లియర్లీని చివరిదాకా తోస్తే ఫారమ్‌ను క్లియర్‌గా రిజెక్ట్ చేశారన్న అర్థం వస్తుంది. ఈ రెండో సడలింపును పరీక్షలో చూస్తే తప్పని కొట్టేయకండి.

వాక్యం చివర ఎలా, ఎక్కడ, ఎప్పుడు మూడూ వస్తే ఏది ముందు?

బడిలో చెప్పే వరుసే: ముందు ఎలా, తర్వాత ఎక్కడ, ఆపైన ఎప్పుడు. ‘ద బాయ్స్ డాన్స్డ్ వండర్‌ఫుల్లీ ఇన్ బరంపురం డ్యూరింగ్ ద ఠాకురాణి యాత్ర’. కదలికను చెప్పే గో, కమ్, రిటర్న్ లాంటి వెర్బులకు చోటు ముందుకొస్తుంది, ఎక్కడికి అన్నది లేకపోతే ఆ వెర్బు అసంపూర్తిగా ఉంటుంది కాబట్టి: ‘వీ వెంట్ టు గుణుపురం బై ట్రెయిన్ ఎస్టర్డే’.

చోట్లు రెండు మూడు ఉన్నప్పుడు ఇంకో చిక్కు. మనం పెద్దదాని నుంచి చిన్నదానికి వస్తాం: ‘రాయగడలో స్టేషన్ దగ్గర ఒక చిన్న గదిలో’, ‘సోమవారం పొద్దున పదింటికి’. ఇంగ్లీషు చిన్నదానితో మొదలుపెట్టి పెద్దదానికి వెళుతుంది: ‘ఇన్ ఎ స్మాల్ రూమ్ నియర్ ద స్టేషన్ ఇన్ రాయగడ’, ‘ఎట్ టెన్ ఓ క్లాక్ ఆన్ మండే మార్నింగ్’. తెలుగు వాక్యాన్ని తోక పట్టుకుని వెనక్కి చదివితే ఇంగ్లీషు వరుస వస్తుందని ఇక్కడ కొందరు పంతుళ్లు చెబుతుంటారు. చోటు, కాలం విషయంలో అది చాలాసార్లు పనిచేస్తుంది. అన్నిటికీ వాడితే దెబ్బతింటారు.

చివర్లో మరీ ఇరుకైతే కాలాన్ని మొదటికి తెచ్చేయండి: ‘ఎస్టర్డే, వీ వెంట్ టు గుణుపురం బై ట్రెయిన్’. వాక్యం తేలికవుతుంది.

‘ఐ యామ్ ఫ్రమ్ గుణుపురం ఓన్లీ’ అంటే ఇంటర్వ్యూలో నవ్వారు. ఎందుకు?

మీరు చెప్పదలచింది ‘మాది గుణుపురమే’ అని. తెలుగు ఆ చివరి ‘ఏ’తో మాటను నొక్కి చెబుతుంది. ఒడియాలో ‘హిఁ’ ఆ పని చేస్తుంది. ఆ నొక్కుకు మనం ఓన్లీని బదులుగా తెచ్చుకున్నాం. దేశమంతా ఇలాగే మాట్లాడతారు, ఎదుటివాళ్లకు అర్థమవుతుంది కూడా. కానీ ఇంగ్లీషులో ఓన్లీకి ప్రధానమైన పని హద్దు గీయడం: ఇది తప్ప ఇంకేదీ కాదని. నొక్కి చెప్పాలంటే ఇంగ్లీషువాళ్లు గొంతుతో నొక్కుతారు. ‘ఐ యామ్ ఫ్రమ్ గుణుపురం’ అని ఊరి పేరు కాస్త గట్టిగా పలికితే చాలు.

అసలు ఓన్లీ అంత జారుడు మాట ఇంకోటి లేదు. ‘మై బ్రదర్ సోల్డ్ ద హౌస్ ఇన్ బరంపురం’ అన్న వాక్యంలో దాన్ని ఒక్కో చోట పెట్టి చూడండి. ‘ఓన్లీ మై బ్రదర్ సోల్డ్ ద హౌస్’ అంటే అమ్మింది అన్నయ్య ఒక్కడే, మిగతా వాటాదార్లు అమ్మలేదు. ‘మై బ్రదర్ సోల్డ్ ఓన్లీ ద హౌస్’ అంటే ఇల్లు మాత్రమే అమ్మాడు, పొలం ఉంది. ‘సోల్డ్ ద హౌస్ ఓన్లీ ఇన్ బరంపురం’ అంటే బరంపురంలోది మాత్రమే, ఇంకోచోటిది అలాగే ఉంది. ‘మై ఓన్లీ బ్రదర్’ అన్నారంటే ఓన్లీ అడ్జెక్టివ్ అయిపోయి మీకు ఒక్కడే అన్నయ్య అవుతాడు. ఆస్తి తగాదాల్లో ఈ తేడా ఎంత దూరం వెళుతుందో మీకే తెలుసు.

అయితే మాట్లాడేటప్పుడు ఇంగ్లీషువాళ్లే ఓన్లీని ఎక్కువగా వెర్బు ముందు పడేస్తారు: ‘హీ ఓన్లీ సోల్డ్ ద హౌస్’. దేన్ని నొక్కారో గొంతు చెప్పేస్తుంది. కాబట్టి దాన్ని తప్పు అనడం పంతుళ్ల చాదస్తం. రాతలో గొంతు వినపడదు. దరఖాస్తులో, దస్తావేజులో, పరీక్షలో ఓన్లీని ఏ మాటకు హద్దు గీస్తోందో దాని ముందే పెట్టండి. ఈవెన్‌కూ ఇదే సలహా.

ఆల్సో, టూ, యాజ్ వెల్ ఒకటేనా?

అర్థం ఒకటే, చోట్లు వేరు. ఆల్సో ఆల్వేస్ లాగే మధ్యలో ఉంటుంది: ‘షీ ఆల్సో నోస్ సవర’. టూ, యాజ్ వెల్ చివర్లో వస్తాయి. మనవాళ్ల తప్పు ఎక్కువగా ‘కాదు, లేదు’ వాక్యాల్లో కనిపిస్తుంది. ‘నేను కూడా వెళ్లలేదు’ అనడానికి ‘ఐ ఆల్సో డిడ్ నాట్ గో’ అంటారు. అక్కడ ‘ఐ డిడ్ నాట్ గో ఐదర్’ అనాలి.

స్టిల్, యెట్‌లలో ఏది ముందు, ఏది వెనక?

బస్సు ఇంకా రాలేదనుకోండి. ‘ద బస్ హాజ్ నాట్ కమ్ యెట్’ అంటే మామూలు సమాచారం. ‘ద బస్ స్టిల్ హాజ్ నాట్ కమ్’ అంటే విసుగు కూడా ఉంది. యెట్ చివర్లో, స్టిల్ నాట్ ఉన్న హెల్పింగ్ వెర్బుకు ముందు. నాట్ లేకపోతే స్టిల్ తన మామూలు చోటికి వెళ్లిపోతుంది: ‘హీ ఈజ్ స్టిల్ వెయిటింగ్’.

ప్రాబబ్లీ కూడా ఇలాగే దారి మారుస్తుంది. ‘హీ విల్ ప్రాబబ్లీ కమ్’, కానీ ‘హీ ప్రాబబ్లీ వోంట్ కమ్’. జస్ట్, ఆల్రెడీ మధ్యలో ఉంటాయి.

నెవర్, హార్డ్లీ మొదట్లో వస్తే వాక్యం తలకిందులవుతుందంటారు. నిజమా?

నిజం, పరీక్ష పేపరు రాసేవాళ్లకు ఇది మహా ఇష్టం. ‘కాదు’ అన్న అర్థమున్న అడ్వర్బును మొదటికి తెస్తే హెల్పింగ్ వెర్బు సబ్జెక్ట్‌ను దాటి ముందుకొస్తుంది, ప్రశ్న వేసినట్టు: ‘నెవర్ హావ్ ఐ సీన్ సచ్ రెయిన్’, ‘సెల్డమ్ డస్ హీ కంప్లెయిన్’. జంటలు కూడా గుర్తుంచుకోండి. హార్డ్లీకి జత వెన్: ‘హార్డ్లీ హాడ్ ద బస్ లెఫ్ట్ వెన్ ఇట్ బిగాన్ టు రెయిన్’. నో సూనర్‌కు జత దాన్. ఇవి తారుమారు చేసి ఇవ్వడం పేపరులో పాత ఎత్తే.

ఓన్లీ ఆఫ్టర్, ఓన్లీ వెన్ మొదట వచ్చినా ఇదే జరుగుతుంది. అయితే తిరగబడేది పక్కనున్న ముక్క కాదు, అసలు వాక్యం: ‘ఓన్లీ ఆఫ్టర్ ద రెయిన్ స్టాప్డ్ డిడ్ వీ లీవ్’.

‘ఇన్ నో టైమ్’ చూసి మోసపోవద్దు. అందులో నో ఉన్నా అర్థం ‘క్షణంలో’ అని, వాక్యాన్ని కాదనడం లేదు. కాబట్టి ‘ఇన్ నో టైమ్ వీ రీచ్డ్ ద స్టేషన్’ అని మామూలుగానే ఉంటుంది.

ఇంట్లో, బజారులో ఇలా మాట్లాడితే నాటకంలా ఉంటుంది. రాతకు, ఉపన్యాసానికి సరిపోతుంది.

కామా పెడితే అర్థం మారుతుందా?

మారుతుంది. ‘క్లియర్లీ, హీ డిడ్ నాట్ ఎక్స్‌ప్లెయిన్ ఇట్’ అంటే అతను వివరించలేదన్నది స్పష్టం. ‘హీ డిడ్ నాట్ ఎక్స్‌ప్లెయిన్ ఇట్ క్లియర్లీ’ అంటే వివరించాడు కానీ సరిగా కాదు. మొదటిదాంట్లో క్లియర్లీ వాక్యం మొత్తాన్ని తాకింది, రెండోదాంట్లో వెర్బును మాత్రమే. ఫ్రాంక్లీ, హానెస్ట్లీ, ఫార్చునేట్లీ మొదట కామాతో వస్తే మాట్లాడేవాడి అభిప్రాయం చెబుతాయి.

‘ఐ రియల్లీ డోంట్ నో’ అంటే నిజంగా తెలీదు. ‘ఐ డోంట్ రియల్లీ నో’ అంటే అంత బాగా తెలీదు. నాట్‌కు ముందా వెనకా అన్నదే తేడా.

ఆల్‌మోస్ట్, ఎనఫ్ సంగతి?

‘ఐ ఆల్‌మోస్ట్ లాస్ట్ ఆల్ మై మనీ’ అంటే పోగొట్టుకోబోయాను, పోలేదు. ‘ఐ లాస్ట్ ఆల్‌మోస్ట్ ఆల్ మై మనీ’ అంటే దాదాపు అంతా పోయింది. పోలీసు ఫిర్యాదు రాసేటప్పుడు చూసుకోండి. ఎనఫ్ అడ్జెక్టివ్ తర్వాత వస్తుంది: ‘టాల్ ఎనఫ్’. నౌన్‌కు ముందు వస్తుంది: ‘ఎనఫ్ రైస్’.

టు అన్న మాటకూ వెర్బుకూ మధ్య అడ్వర్బు రాకూడదని మా సార్ చెప్పారు. పాటించాలా?

‘టు ఫుల్లీ అండర్‌స్టాండ్’ లాంటివి తప్పని 19వ శతాబ్దంలో కొందరు ఇంగ్లీషు పండితులు గట్టిగా వాదించారు. అంతకు వందల ఏళ్ల ముందు నుంచే ఇంగ్లీషులో ఆ వాడుక ఉంది. నేటి వ్యాకరణాలు దాన్ని తప్పుగా చూడవు. ఒక్కోసారి అదే మంచి చోటు కూడా. అయితే పేపరు దిద్దేది మీ సారే అయితే ఆయన మాట వినండి. నాట్ విషయంలో మాత్రం పాత పద్ధతే నయం: ‘ఐ టోల్డ్ హిమ్ నాట్ టు కమ్’.

ఇన్ని రూల్స్ మాట్లాడేటప్పుడు గుర్తుంటాయా?

ఉండవు, ఉండనక్కర్లేదు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాషను సవరల నోటి నుంచి విని నేర్చుకున్నారు, తర్వాత దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. ఆ వరుసే సరైనది, ముందు చెవి, తర్వాత రూలు. రోజూ ఇంగ్లీషు వార్తలు కాసేపు వినండి. ఆల్వేస్, ఆల్సో, ఓన్లీ, స్టిల్ వచ్చిన వాక్యం వినపడగానే అదే వాక్యాన్ని పైకి అనండి. తర్వాత మీ ఊరి పేరు, మీ ఇంటి సంగతి పెట్టి మళ్లీ అనండి. రూలు రాసేటప్పుడు సరిచూసుకోవడానికి పనికొస్తుంది. మాట్లాడేవాడిని మధ్యలో ఆపి దిద్దడానికి మాత్రం వాడకండి, టెన్షన్ పెరిగి ఆ మనిషి మళ్లీ నోరు విప్పడు.

సెలవు చీటీలో ‘ఐ కైండ్లీ రిక్వెస్ట్ యూ’ అని రాయొచ్చా?

రాయకపోవడం మంచిది. కైండ్లీ అక్కడ రిక్వెస్ట్‌ను తాకుతోంది. అంటే దయ చూపిస్తున్నది మీరు, పైఅధికారి కాదు. దయ ఆయన వైపు వెళ్లాలి: ‘ఐ రిక్వెస్ట్ యూ టు కైండ్లీ గ్రాంట్ మీ లీవ్’ లేదా సూటిగా ‘కైండ్లీ గ్రాంట్ మీ లీవ్ ఫర్ టూ డేస్’. మొదటి వాక్యంలో టు తర్వాత అడ్వర్బు వచ్చింది, పైన చెప్పినట్టు ఇబ్బంది లేదు. ‘ఐ హంబ్లీ రిక్వెస్ట్ యూ’ మాత్రం సరైనదే, ఎందుకంటే వినయం మీది. చీటీ చివర రాసే ఫెయిత్‌ఫుల్లీ కూడా అడ్వర్బే. దాని ముందు యువర్స్ రాయండి, యువర్స్‌లో ఎస్ ముందు పైకామా పెట్టకండి.